బండి సందేహాలు: క్రాష్ గార్డు ఇంట్లోనే బిగించుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. నా 350 సీసీ బండికి జె.సి. రోడ్డులో క్రాష్ గార్డు కొన్నాను. ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే బోల్టు విప్పి, దాంతోనే గార్డు బిగించాలట. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే చేసుకోవచ్చా, మెకానిక్ దగ్గరికే వెళ్లాలా?

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. కాకపోతే మీరు కంగారు పడుతున్న ఆ ఇంజిన్ బోల్టు దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. మిగతాదంతా స్పానర్ పట్టడం వచ్చినవాళ్లెవరైనా చేసే పనే.

బండి ముట్టుకునే ముందు కిట్‌లోని బోల్టును పాత బోల్టు పక్కన పెట్టి చూడండి. గార్డు పట్టీ మందం 5 మిల్లీమీటర్లుంటే కొత్త బోల్టు కనీసం అంత పొడవు ఎక్కువ ఉండాలి. లేకపోతే నట్టుకు చాలినంత థ్రెడ్ (మర) దొరకదు. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో దాని బలాన్ని చెప్పే అంకె ఉంటుంది. పాతదాని మీద ఎంత ఉందో కొత్తదాని మీదా అంతైనా ఉండాలి. అసలు అంకే లేని బోల్టు వస్తే దాన్ని పక్కన పడేసి, హార్డ్‌వేర్ షాపులో సరైనది కొనండి. 10 మిల్లీమీటర్ల బోల్టుల్లో 1.25, 1.5 అని రెండు రకాల థ్రెడ్‌లు దొరుకుతాయి. పాత నట్టు కొత్త బోల్టు మీద వేళ్లతో తిప్పితేనే చివరిదాకా సాఫీగా పోవాలి. మధ్యలో పట్టేసిందంటే థ్రెడ్ వేరన్నమాట.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీ ఆనించండి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు మీద గానీ సైలెన్సర్ వంపు మీద గానీ బరువు పడకూడదు. జాకీ ఇంజిన్ బరువు మోస్తే చాలు, బండి లేవనక్కర్లేదు. ఎంత ఎత్తులో ఆపాలో బోల్టే చెబుతుంది. నట్టు తీసేసి బోల్టును వేళ్లతో తిప్పుతూ జాకీని కొద్దికొద్దిగా ఎక్కించండి, దించండి. ఒకచోట బోల్టు వదులై తేలిగ్గా బయటికి వచ్చేస్తుంది. అక్కడే ఆపండి. ఈ ఆధారం లేకుండా బోల్టు లాగితే ఇంజిన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు జారి రంధ్రాలు తప్పుతాయి. చాలామంది అప్పుడే సుత్తి తీసుకుని కొడతారు, థ్రెడ్ పోతుంది. పాత బోల్టు బయటికి వస్తుండగానే రెండోవైపు నుంచి కొత్తదాన్ని తోస్తూ రండి. ఎప్పుడూ ఒక్క ఇంజిన్ బోల్టే విప్పి ఉండాలి.

గార్డును పైన ఫ్రేమ్‌కు పట్టి ఉంచే క్లాంపుతో సహా అన్నిటినీ ముందు చేత్తోనే పట్టించండి. ఫుట్‌రెస్ట్ నుంచి గార్డు అంచు వరకు రెండువైపులా టేపుతో కొలిచి సమానం చేశాకే, ఇంజిన్ బోల్టు మొదట, క్లాంపు తర్వాత బిగించండి. పట్టీకీ ఫ్రేమ్‌కూ మధ్య సందు కనిపిస్తే బోల్టుతో లాగి మూయకండి, ఆ సందుకు సరిపడా వాషర్ వేయండి. లాగి బిగించిన గార్డు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. ఇంజిన్ అదురుకు కొన్నాళ్లకు వెల్డింగ్ దగ్గర చీలుతుంది.

బోల్టును ఎంత బలంతో (టార్క్) తిప్పుతున్నామో కొలిచే టార్క్ రెంచ్ తప్పనిసరి. కొనలేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. మాన్యువల్‌లో లేని క్లాంపు బోల్టుల మాటకొస్తే, 8.8 రకంలో 8 మిల్లీమీటర్లదానికి సుమారు 25 న్యూటన్ మీటర్లు, 10దానికి 45 నుంచి 50. ఇది ఇనుములోకి ఇనుము బిగించే లెక్క. అల్యూమినియంలోకి దిగే బోల్టుకు ఇంత బిగిస్తే థ్రెడ్ ఊడి వస్తుంది. థ్రెడ్ మీద గ్రీజు, ఆయిల్ ఉండకూడదు. జారుడు వల్ల అదే అంకెకు బోల్టు మీద ఇంకా ఎక్కువ లాగుడు పడుతుంది. బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు రెండు చుక్కలు చాలు. ఎర్రది వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు.

బిగించాక హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి, కేబుళ్లు ఎక్కడా నలగలేదని చూడండి. ముందు బ్రేకు పట్టి ఫోర్క్‌ను గట్టిగా అణచండి, మడ్‌గార్డు తగలకూడదు. షూ వేసుకుని గేరు, బ్రేకు నొక్కి చూడండి. పట్టీ కింది పౌడర్ కోటింగ్ నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది. అందుకే 100 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 500 దగ్గర మరోసారి టార్క్ చూడాలి. బోల్టు తల మీదుగా ఫ్రేమ్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీస్తే కదిలిందీ లేనిదీ కంటితోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: 200 సీసీ స్ట్రీట్ బండి నాది. చెన్నై వేళచ్చేరిలో ఉంటాను. గార్డు బదులు ఫ్రేమ్ స్లైడర్లు (బండి పక్కలకు బిగించే ప్లాస్టిక్ దిమ్మలు) సరిపోతాయా?

జవాబు: ట్రాఫిక్‌లో, పార్కింగ్‌లో ఒరిగి పడే బండికి చాలు. మరీ పొడుగాటి స్లైడర్లు తీసుకోకండి. పొడవు పెరిగేకొద్దీ పడినప్పుడు అది గునపంలా పనిచేసి బోల్టును వంచుతుంది, ఒక్కోసారి ఇంజిన్ మౌంట్‌నే విరుస్తుంది. స్లైడర్ ఇంజిన్ బోల్టు మీదే కూర్చునే రకమైతే జాకీ పద్ధతి పైన చెప్పినట్టే. మీది సముద్రపు గాలి కాబట్టి బయటికి కనిపించే బోల్టు తలల్లో నీళ్లు నిలవకుండా రబ్బరు మూతలు పెట్టండి.

ప్రశ్న: బండి పడి గార్డు వంగింది. వేడి చేసి సరిచేయించి మళ్లీ వాడొచ్చా? (బెంగళూరు, కె.ఆర్. పురం)

జవాబు: వాడకండి. ఒకసారి వంగి, వేడి తగిలిన పైపు మళ్లీ అదే చోట ముందుగా లొంగుతుంది. గార్డు మార్చినప్పుడు దాని బోల్టులూ మార్చాలి. చూడటానికి నిటారుగా ఉన్నవీ సాగి ఉండొచ్చు. పట్టీ ఆనిన చోట ఫ్రేమ్ రంధ్రం కోలగా మారిందా, చుట్టూ పెయింట్ వెంట్రుకలా పగిలిందా అని టార్చి వేసి చూడండి. అలా ఉంటే కొత్త గార్డు బిగించకుండా బండిని నేరుగా సర్వీస్ సెంటర్‌లో చూపించండి.