సిగరెట్ తాగితేనే ధ్యాస కుదురుతోంది!

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. మాది నరసన్నపేట దగ్గర పల్లె. విజయనగరంలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచీ కుదురుగా కూర్చుని చదవలేను. సిగరెట్ తాగితే కాసేపు ధ్యాస నిలుస్తుంది. ఈ ఏడాది గంజాయి కూడా అలవాటైంది. ఇంటర్నెట్‌లో చదివితే నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) ఉందనిపిస్తోంది. మిత్రుడొకడు తాను వాడే ఏకాగ్రత మాత్రలు ఇస్తానంటున్నాడు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ మాత్ర మిథైల్‌ఫెనిడేట్ అయితే అది మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు, చేతులు మారకూడదు. గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. గంజాయి కూడా గుండెను పరుగెత్తిస్తుంది. డాక్టరు బీపీ చూసి, తక్కువ మోతాదుతో మొదలుపెడితే మాత్రం మిథైల్‌ఫెనిడేట్ మంచి మందే.

సిగరెట్ గురించి మీరు చెప్పింది అబద్ధం కాదు. పొగాకులోని నికోటిన్ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని పెంచి కాసేపు చురుకు పుట్టిస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న కుర్రాళ్లు చాలామంది పొగకు చేరువయ్యే దారి ఇదే. కానీ కొన్నాళ్లకు సిగరెట్ లేకపోతేనే చిరాకు, పరధ్యానం మొదలవుతాయి. అప్పుడది తీర్చేది తాను తెచ్చిన లోటునే. గంజాయి నేరుగా జ్ఞాపకశక్తినీ ధ్యాసనూ దెబ్బతీస్తుంది. రోజూ తాగేవారి మతిమరుపులో జబ్బు వాటా ఎంతో, మత్తు వాటా ఎంతో తేల్చడం మాకూ కష్టమే.

అందుకే మాకు మీ చిన్నతనం కావాలి. ఏడీహెచ్‌డీ అయితే పన్నెండేళ్లలోపే, ఇంట్లోనూ బడిలోనూ లక్షణాలు కనిపించి ఉండాలి. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ అమ్మగారిని అడగండి. జబ్బు పేరు ఆవిడకు తెలియకపోవచ్చు గానీ, మీరు ఎన్ని పెన్నులు పోగొట్టారో, మాస్టారు ఏమని ఫిర్యాదు చేసేవారో గుర్తుంటుంది. ఇంటర్నెట్ పరీక్షల కన్నా నాకు ఆ కబుర్లే నయం.

విజయనగరం, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను కలవవచ్చు. గంజాయి సంగతి దాచకండి, మందు ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. మత్తు అలవాటున్నవారికి మేము తరచూ ఆటమాక్సెటీన్ అనే మరో ఏడీహెచ్‌డీ మందు వైపు మొగ్గుతాం. దానికి వ్యసనమయ్యే గుణం లేదు. అయితే ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి పరీక్షల ముందురోజు గుర్తొస్తే లాభం లేదు. కాలేజీకి తెలుస్తుందన్న భయం వద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలకు గోప్యత హక్కు ఇచ్చింది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి (టెలి మానస్) 14416కు ఉచితంగా, ఏ వేళైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు రోజుకు ఎన్ని సిగరెట్లు, గంజాయి ఎప్పుడెప్పుడు అన్నది వారంపాటు నిజాయతీగా రాసిపెట్టుకోండి.