కాలనీ పార్కులో గ్లూలామ్ మండపం ఎండకు, వానకు, చెదలకు ఆగుతుందా?

మీ ప్రశ్న: మియాపూర్‌లో కాలనీ పార్కులో 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుతో, యాభై మంది కూర్చునే రచ్చబండలాంటి మండపం ఇంజనీర్డ్ వుడ్‌తో, అంటే చెక్క పొరలనో ముక్కలనో జిగురుతో అతికించి చేసిన కలపతో, కడితే హైదరాబాదులో నిలుస్తుందా అని. నిలుస్తుందండి. కాకపోతే ఇలాంటివి చెడితే స్తంభాల అడుగున, దూలం కొసల్లో, బోల్టుల దగ్గరే చెడతాయి. మీ డబ్బూ శ్రద్ధా అక్కడ పెట్టండి.

ముందు సరుకు సంగతి. ఇంజనీర్డ్ వుడ్ అనగానే షాపుల్లో ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చూపిస్తారు. అవి తడికి ఉబ్బిపోతాయి, బయటి పనికి వద్దే వద్దు. మీకు కావలసింది గ్లూలామ్, అంటే ఆరబెట్టిన పలకలను పొరలుగా అతికించిన దూలం. ఎల్‌వీఎల్, అంటే పలచటి చెక్క పొరలను అతికించి చేసిన దూలం, అయినా సరే. సీఎల్‌టీ, అంటే పొరలను అడ్డంగా నిలువుగా మార్చి అతికించిన పెద్ద పలకలు, ఇంత చిన్న కట్టడానికి దండగ. జిగురు పేరు కాగితం మీద రాయించుకోండి: ఫినాల్ రిసార్సినాల్, మెలమైన్, లేదా నిర్మాణ పనికి చేసిన పాలియురిథేన్. వడ్రంగులు వాడే తెల్ల జిగురు మే ఎండలో, బరువు కింద మెల్లగా జారుతుంది.

ఒకవైపు వాలు, తేలికైన రేకు కప్పు అనుకుంటే 3 మీటర్లకొకటి చొప్పున 4 దూలాలు, 8 స్తంభాలు. 6 మీటర్ల దూరానికి 120 × 360 మిల్లీమీటర్ల దూలం, 150 × 150 స్తంభం మొదటి అంచనాగా పెట్టుకోవచ్చు. వాసాలతో కలిపి సుమారు 3 ఘనమీటర్ల కలప పడుతుంది. చివరి లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు చేయాలి, ముఖ్యంగా గాలి లెక్క. కట్టడాల మీద పడే బరువులకు, గాలికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల గాలి తీసుకోవాలి. గోడల్లేని కప్పును గాలి పైకి లేపుతుంది. స్తంభానికి టన్ను పైచిలుకు లాగుడు రావచ్చు కాబట్టి పునాది బరువుగా ఉండాలి, మూలల్లో ఏటవాలు ఆనుకర్రలు ఉండాలి.

ఇక అసలు విషయం. ఏప్రిల్ పొడిగాలికి, ఆగస్టు తేమకు మధ్య కలపలో తేమ 6 శాతం అటూ ఇటూ మారిందంటే 360 మిల్లీమీటర్ల దూలం లోతు దాదాపు 5 మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. దూలాన్ని స్తంభానికి కలిపే ఇనుప ప్లేటు అలా కదలదు. పైనొక బోల్టు, కిందొక బోల్టు వేసి బిగిస్తే ఎండాకాలంలో దూలం నడుమ పొడవు వెంట చీలుతుంది. బోల్టులన్నీ కింది అంచు వైపు దగ్గరగా వేయించండి, పైదానికి ప్లేటులో నిలువు గాడి రంధ్రం కోయించండి. ఫ్యాబ్రికేటరు గుండ్రటి రంధ్రమే చాలంటాడు, ఒప్పుకోకండి.

స్తంభం నేలను తాకకూడదు. గాల్వనైజ్ చేసిన ఇనుప షూ, అంటే స్తంభాన్ని ఎత్తి పట్టే ఇనుప పాదం, మీద కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున నిలపాలి, స్తంభం అడుగు కొసకు ఎపాక్సీ పూయాలి. ఈ ఖాళీ నీటికే కాదు, చెదలకూ అడ్డే: అవి ఎక్కాలంటే ఇనుము మీద మట్టి దారి కట్టాలి, అది కంటికి కనిపిస్తుంది. షూను ఫ్లోరింగ్ టైల్స్‌తో కప్పేస్తే ఈ లాభమంతా పోతుంది. పునాది మట్టికి చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున చెదల మందు ద్రావణం పట్టించండి.

చూరు నాలుగు వైపులా మీటరు బయటికి రానివ్వండి. స్పెయిన్‌లోని సెవిల్‌లో 2011లో తెరిచిన మెట్రోపోల్ పారసోల్‌లో ఎల్‌వీఎల్‌ను ఆరుబయటే నిలిపారు, దానికి పాలియురిథేన్ పూత మొత్తం పట్టించాల్సి వచ్చింది. మనకు చూరే చవక. పాలిష్ కోసం మెరిసే వార్నిష్ వద్దు, పడమటి ఎండకు పెచ్చులూడుతుంది. రంగు కలిసిన, చెక్కలోకి ఇంకే నూనె వేసి, ఏడాది రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో మళ్లీ పట్టించండి.

వినాయక చవితికి, బతుకమ్మకు డెకరేషన్ వాళ్లు దూలాలకు మేకులు కొడతారు. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు దిగుతాయి. ముందే ప్రతి దూలానికి నాలుగు స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కేలు పెట్టించండి. వంట పొయ్యి మాత్రం కప్పు కిందికి రానివ్వకండి.