వీసా కోసం నాయన పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. పెళ్లయి ఏడాది దాటింది. మా ఆయన బ్రిటన్ పౌరుడు. లీసెస్టర్‌లో ఉద్యోగం, ఏడాదికి 25,000 పౌండ్ల జీతం. 29,000 లేకపోతే నాకు వీసా రాదట. మా నాయన రెండెకరాలు అమ్మి ఆ డబ్బు మా అత్తమ్మ ఖాతాలో వేస్తే పనైపోతుందని ఆమే అంటోంది. ఒక ఏజెంటేమో నెల రోజులు డబ్బు చూపిస్తే చాలంటున్నాడు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఊళ్లో ఎవరు కనబడ్డా "ఇంకా పోలేదా బిడ్డా" అని అడుగుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: పొలం అమ్మనివ్వకండమ్మా. కనీసం ఇప్పుడైతే వద్దు.

2024 ఏప్రిల్ 11న ఈ ఆదాయ పరిమితి 18,600 పౌండ్ల నుంచి 29,000కు పెరిగింది. పన్ను కోతకు ముందు జీతాన్నే చూస్తారు. ఇక్కడ మీరు సంపాదించేది లెక్కలోకి రాదు. జీతం తగ్గితే పొదుపు చూపించవచ్చు గానీ, అందులో మొదటి 16,000 పౌండ్లను పక్కన పెట్టేస్తారు. ఆపైన, తగ్గిన ప్రతి పౌండుకూ రెండున్నర పౌండ్లు ఉండాలి. మీ ఆయనకు తగ్గింది 4,000. దానికి 10,000, ముందటి 16,000 కలిపితే 26,000 పౌండ్లు. అంటే దాదాపు 30 లక్షల రూపాయలు. అదీ అప్పు తెచ్చింది కాకూడదు. మీ నాయన ఇచ్చినా, తిరిగి అడగనని రాసిచ్చి, ఆరు నెలల పాటు మీ చేతిలోనే ఉండాలి.

ఆ ఆరు నెలల్లో మీ ఆయన ఏం చేయగలరో చూడండి. 2025 ఏప్రిల్‌లో అక్కడ పెద్దవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు చేశారు. ఆ లెక్కన వారానికి ఏడు గంటలు ఇంకోచోట పని చేసినా ఏడాదికి 4,400 దాటుతుంది. రెండు ఉద్యోగాల జీతాలూ కలిపి చూపించవచ్చు. రెండింటికీ ఆరు నెలల పేస్లిప్పులు, ఆ జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. అసలు జీతం ఒక్క నెల తగ్గినా ఆ తక్కువ జీతాన్నే ఏడాది లెక్కకు తీసుకుంటారు కాబట్టి, ఈ ఆరు నెలలూ జీతం కోత పడే సెలవులు పెట్టవద్దని చెప్పండి. కాలువ కింద పొలం ఒకసారి పోతే మళ్లీ కొనగలరా? ఆయన ఒక్క సీజన్ కష్టపడితే తీరే లోటుకు మీ నాయన బతుకుదెరువు పోగొట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

ఒకవేళ డబ్బు పెట్టక తప్పకపోయినా, అత్తమ్మ ఖాతాలో వేయకండి. అక్కడ వేస్తే అసలు పనికిరాదు. మీ పేరున నల్లగొండ బ్యాంకులో ఉన్నా చెల్లుతుంది. పుట్టింటి డబ్బు తెమ్మని ఒత్తిడి చేయడం, పేరు ఏదైనా, కట్నం అడగడమే. అది ముదిరితే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఏజెంటును ఇవాళే వదిలేయండి. 28 రోజుల మాట చదువు వీసాలది, మీది కాదు. దొంగ కాగితాలు పెట్టినట్టు తేలితే పదేళ్ల దాకా బ్రిటన్ తలుపులు మూసుకుపోవచ్చు.

ఈ సంగతులన్నీ అత్తమ్మ ద్వారా కాకుండా ఆయనతోనే మాట్లాడండి. ఆఖరి ఆరు పేస్లిప్పులు ఫోన్‌లో పంపమనండి. భార్యగా అడిగే హక్కు మీకుంది. ఆయన పంపకుండా దాటవేస్తుంటే మళ్లీ రాయండి. అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది వీసా గురించి కాదు.