బ్యాక్టీరియా నుంచి వైరస్ మందు తీస్తానంటోంది.. చదివించవచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ సేద్యం. మా అమ్మాయికి నీట్‌లో ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ వద్దంటోంది. మైక్రోబయాలజీ చదివి, బ్యాక్టీరియా నుంచి వైరస్‌లకు మందులు కనిపెడతానంటోంది. అసలు అట్లాంటి పని ఉందా సార్? కూడు పెడుతుందా?

జవాబు: పని ఉందండీ. బ్యాక్టీరియాకూ వైరస్‌లు సోకుతాయి, వాటిని ఫేజ్‌లంటారు. వాటిని తట్టుకోవడానికి బ్యాక్టీరియా రకరకాల రసాయనాలు తయారుచేసుకుంటుంది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చిన డౌనోరుబిసిన్ అనే మందును క్యాన్సర్‌కు ఎప్పటినుంచో వాడుతున్నారు. అది ఫేజ్‌లనూ ఆపుతుందని 2018లో తేలింది. అట్లాగని ఫేజ్‌ను ఆపిందల్లా మనిషికి మందైపోదు. వైరస్‌ను ఆపాలి, మన కణాన్ని మాత్రం చంపకూడదు. ఎక్కువ పదార్థాలు ఈ రెండో పరీక్షలోనే పోతాయి.

మనుషుల జబ్బులే కాదు, 2000లో మన జిల్లా శెనక్కాయను ఊడ్చేసిన కాండం కుళ్లు మీకు గుర్తుండే ఉంటుంది. అదీ వైరసే. వయ్యారిభామ పుప్పొడితో, తామర పురుగులతో పాకింది. మొక్కకు పట్టిన వైరస్‌ను నయం చేసే మందు ఈరోజుకీ రైతు చేతిలో లేదు. అమ్మాయికి ఈ సంగతి చెప్పండి, నాకైతే ఇదే మంచి పరిశోధనాంశం అనిపిస్తుంది.

ఇక చదువు. మట్టి తెచ్చి బ్యాక్టీరియాను పెంచడం డిగ్రీ పిల్లలూ చేస్తారు. అది వదిలిన వందల పదార్థాల్లో పనిచేసేది ఏదో విడదీసి, దాని నిర్మాణం తేల్చడమే కష్టం. తీరా తేల్చాక అది ఎవరో ఎప్పుడో కనిపెట్టిందే అయ్యుండొచ్చు! ఆ పనంతా కెమిస్ట్రీ. అందుకే మైక్రోబయాలజీ తీసుకున్నా కెమిస్ట్రీని, కనీసం మైనర్‌గానైనా (రెండో సబ్జెక్టుగా), వదలనివ్వకండి. మార్కులు బాగుంటే తిరుపతిలోని ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష కూడా రాయించండి.

కూడు సంగతి దాచను. డిగ్రీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్లు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. అది రాకుండా సొంత డబ్బుతో పీహెచ్‌డీ చేయించడానికి నేను ఒప్పుకోను. ఎమ్మెస్సీతో ఆపినా జడ్చర్ల, హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో ఉద్యోగాలున్నాయి. జీతం మొదట్లో తక్కువే.

కాలేజీలో చేర్చేముందు ఒకరోజు అమ్మాయిని వెంటబెట్టుకుని ఎస్‌కే యూనివర్సిటీ మైక్రోబయాలజీ విభాగానికి వెళ్లండి. అక్కడి పరిశోధక విద్యార్థులతో ఆమెనే మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి.