సూపర్‌ఛార్జర్ బూస్ట్ తగ్గితే ముందు ఏం చూడాలి?

2005 మినీ కూపర్ ఎస్ కారులో బూస్ట్, అంటే సూపర్‌ఛార్జర్ ఇంజన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి, 7 పీఎస్ఐ దాటడం లేదని ఒకరు అడిగారు. ఇందులో ఉండేది ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్. కారుతో వచ్చిన కంపెనీ పుల్లీయే (బెల్ట్ తిరిగే చక్రం) ఉంటే టాప్ ఆర్‌పీఎమ్ దగ్గర 11 అటూ ఇటూ రావాలి. బూస్ట్ గేజ్ గొట్టం సూపర్‌ఛార్జర్ తర్వాతే కలిపారా? చాలామంది పొరబడేది అక్కడే.

ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. బూస్ట్ బాగా ఎక్కి, చివర్లో పడిపోతే సూపర్‌ఛార్జర్‌ను తిప్పే బెల్ట్ జారుతున్నట్టే, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ చూడండి. పుల్లీ పక్కన నల్లటి రబ్బరు పొడి కూడా కనిపించవచ్చు.

మొదటి నుంచీ తక్కువే ఉంటే గాలి లీకవుతోంది, లేదా బూస్ట్ అక్కర్లేనప్పుడు గాలిని దారి మళ్లించే బైపాస్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. నేనైతే ముందు ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే భాగం) రెండు పక్కలా ఉండే రబ్బరు బూట్లనే, అంటే అతుకుల దగ్గరి రబ్బరు తొడుగులనే, అనుమానిస్తాను. ఇంజన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి (ఇంజన్ గాలి పీల్చే దారి) 5 పీఎస్ఐ గాలి ఎక్కించి, వాటి మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగలు వస్తే దొంగ దొరికినట్టే.