గని మూతపడిన చాలా ఏళ్లకు ఇళ్లలోకి నీళ్లెందుకు ఊరతాయి? ఏం చేయాలి?

గని నడిచినన్నాళ్లూ పంపులు నీటిని తోడేస్తాయి. అవి ఆగాక ఖాళీ సొరంగాలు మెల్లగా నిండి, నీటిమట్టం పైకొస్తుంది. ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది కాబట్టి ఈలోపు జనం ఆ సంగతే మర్చిపోతారు. తవ్వకాల వల్ల నేల కుంగిన చోట ముప్పు మరీ ఎక్కువ. జర్మనీలోని రూర్ ప్రాంతంలో చివరి బొగ్గు గని 2018లో మూతపడినా నీళ్లు తోడుతూనే ఉన్నారు, ఆపే వీల్లేదు.

బోర్లలో మట్టం కొలుస్తూ, హద్దు దాటకముందే పంపింగ్ పెట్టాలి. ఆ నీటిలో తరచూ ఇనుము కరిగి ఉంటుంది, శుద్ధి చేయకుండా వాగులో వదలకూడదు. అన్నిటికంటే ముందు పాత గని మ్యాపులు వెతకమంటాను; నీరు ఏ దారిన బయటపడుతుందో అంచనా వేయడానికి అవే ఆధారం. గుమ్మం ముందు ఇసుక బస్తాలు పేర్చినా పెద్దగా లాభం లేదు, ఈ నీరు నేలలోంచే ఉబుకుతుంది.