కొండ మీద కాపురం పెట్టబోయే మనవరాలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు, చిరంజీవి మనవడికి అమ్మమ్మ ఆశీర్వదించి రాసే ఉత్తరం.

నిన్న ఫోనులో "నాకేమీ భయం లేదు అమ్మమ్మా" అని మూడుసార్లు అన్నావు. మూడోసారి గొంతు తడబడింది. అరకు అవతల ఆరోగ్య కేంద్రంలో నీకు డాక్టరు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నేను ఎంత సంతోషించానో, నిన్న ఆ గొంతు విన్నాక అంత దిగులుపడ్డాను. అందుకే కాగితం తీసుకున్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. ఒకరు చదివి ఇంకొకరికి రెండు ముక్కల్లో చెప్పడం వద్దు.

మాకు పెళ్లయిన నాలుగో వారంలో, 1969 జూన్‌లో, మీ తాతయ్యకు ఆ కొండల్లోనే ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. శృంగవరపుకోటలో బస్సెక్కి అనంతగిరి ఘాటీ మలుపులు దాటేసరికి నాకు కడుపులో ఏమీ మిగల్లేదు. అరకులో దిగి, బండి పోయినంత దూరం ఎడ్లబండిలో, తరువాత కాలినడకన వెళ్లాము. నెత్తిన ట్రంకు పెట్టె పెట్టుకుని మీ తాతయ్య ముందు, ఇత్తడి బిందె చంకన పెట్టుకుని నేను వెనక. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు కానీ, అది బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన దారి. మా ఊరికి అందింది దాని కూత ఒక్కటే. రాత్రిపూట గాలి ఇటు వీస్తే వినపడేది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆ కూత వినగానే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, ఆయనకు నా ముఖం కనపడకూడదని.

మట్టి గోడలు, గడ్డి కప్పు, ఒకటే గది. పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. ఆమె మాట్లాడేది ఆదివాసీ ఒడియా, నాకు వచ్చింది మన తెలుగు. నీళ్లను పాణి అంటారని మొదటి రోజు నేర్చుకున్నాను, మిగతాదంతా చేతులతోనే మాట్లాడుకున్నాము. మొదటి వారంలోనే మా అగ్గిపెట్టెలన్నీ చెమ్మకు మెత్తబడిపోయాయి. అవ్వ వచ్చి నిప్పు దాచడం నేర్పింది. పడుకునే ముందు లావుపాటి కట్టె కొసను నిప్పుల్లోకి తోసి, పైన బూడిద కప్పి, ఆ బూడిదకు జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి చూసేది. వేడి తగిలీ తగలనట్లు ఉండాలి. గట్టిగా తగిలితే తెల్లవారేలోగా కట్టె కాలిపోతుంది. అసలు తగలకపోతే నిప్పు చచ్చిపోతుంది. నా చెయ్యి పట్టుకుని తన చేతి కింద పెట్టి ఆ తేడా చూపించింది. ఉప్పు కరిగిపోకుండా వెదురు గొట్టంలో పోసి పొయ్యి మీద అటకకు వేలాడదీయాలని చెప్పింది కూడా ఆమే.

మీకు గ్యాసు బండ ఉంటుంది, కరెంటు ఉంటుంది. అయినా గాలివానకు ఒక చెట్టు కూలితే కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒక లాంతరు, రేకు డబ్బాలో నాలుగు అగ్గిపెట్టెలు, పది రోజులకు సరిపడే బియ్యం, పప్పు, ఉప్పు జూన్ నుంచి అక్టోబరు దాకా ఇంట్లో తరగకుండా చూసుకోండి. చలికాలం అరకు చలిని మన మైదానం స్వెటరు ఆపలేదు. వలిసెపూలు పూసి కొండలన్నీ పసుపు పూసుకున్నట్లుండే రోజుల్లో ఫోటోలు తీసుకోవడానికి జనం వస్తారు కదా, ఆ వారాల్లోనే తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

ఆ ఏడాది మూడు నెలల పాటు జీతం రాలేదు. కొత్తగా చేరినవాళ్ల కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. ఆ సంగతి మీ తాతయ్య నాకు చెప్పలేదు. గిరిజన సహకార సంస్థ డిపోకు వెళ్లి ఉప్పుతో తిరిగి వచ్చి, "కిరసనాయిలు ఇంకా రాలేదట" అనేవారు. కిరసనాయిలు వచ్చింది. ఆయన దగ్గర డబ్బు లేదు. సంతలో ఆయన చేతి గడియారం అమ్మిన సంగతి కూడా నాకు తరువాత తెలిసింది. బడిలో పిల్లలకు సమయం తెలియాలని అక్కడే పెట్టానని నాతో చెప్పారు. కొత్త పెళ్లికూతురు దిగులుపడుతుందని ఆయన బాధ.

నేనేం తక్కువ చేశానా? సెప్టెంబరులో నాకు చలిజ్వరం పట్టుకుంది. రోజు మార్చి రోజు వచ్చేది. ఆయన గెడ్డ, అంటే కొండవాగు, దాటి బడికి వెళ్లిన తరువాత, పొద్దెక్కే వేళకు వణుకు మొదలయ్యేది. సాయంత్రం చెమటలు పోసి దిగిపోయేది. ఆయన వచ్చేసరికి లేచి ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుని కూర్చునేదాన్ని. జ్వరం లేని రోజున రెండు రోజుల పని చేసేసేదాన్ని. నీళ్లు మోసి, కట్టెలు ఏరి, మర్నాటికి కూడా గంజి కాచి పెట్టుకునేదాన్ని. అసలే డబ్బు లేక బాధపడుతున్న మనిషిని ఇంకా బాధపెట్టడం ఎందుకని అనుకోవడానికి కూడా లేదు, డబ్బు లేదని నాకు తెలియదు కదా. ఊరికే, నన్ను చేతకానిదానిగా చూస్తారేమోనని దాచాను. అప్పటికి నాకు రెండో నెల. ఆ మాట కూడా ఇంకా చెప్పలేదు.

కనిపెట్టింది అవ్వ. ఎలాగో తెలుసా? గడ్డి ఇంటికి చిమ్నీ ఉండదు. పొయ్యి వెలిగిస్తే కప్పు అంతటా పొగ మెల్లగా ఊరుతుంది. మా ఇంటి కప్పు మీద మధ్యాహ్నం పూట రోజు మార్చి రోజు పొగ కనిపించడం లేదని ఆమె గమనించింది. పది రోజులు చూసి, ఒకనాడు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నేను గోనెసంచి కప్పుకుని పళ్లు కొట్టుకుంటూ పడి ఉన్నాను. ఆమె నా నుదురు ముట్టుకోలేదు. ముందు పొయ్యి దగ్గరికి వెళ్లి బూడిద మీద అరచెయ్యి పెట్టి చూసింది. నిప్పు చచ్చిపోయి ఉంది. అప్పుడు నావైపు తిరిగి ఏదో అంది. తిట్టిందని మాత్రం అర్థమైంది.

ఆ సాయంత్రమే తన ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క దుప్పటిని రెండు కొసలా కర్రకు కట్టి డోలీ చేయించింది. ఆమె కొడుకు, ఇంకొక అబ్బాయి ముందూ వెనకా భుజం పెట్టారు. వాన. నా మీద అడ్డాకుల గిడుగు బోర్లించారు. ఆకుల మీద చినుకుల చప్పుడు, కింద వాళ్ల పాదాలు బురదలోంచి ఊడివచ్చే చప్పుడు, పక్కన మీ తాతయ్య ఊపిరి. గెడ్డలో నీళ్లు నడుం దాకా ఉన్నాయి. దాటేటప్పుడు ఆ పిల్లలిద్దరూ కర్రను నెత్తి మీదికి ఎత్తుకున్నారు. రోడ్డు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడి నుంచి ఒక జీపువాడు ఆసుపత్రికి చేర్చాడు. నేను బతికాను. కడుపు నిలవలేదు. అది మీ అమ్మకు ముందు సంగతి.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆ రెండు రహస్యాలూ బయటపెట్టుకున్నాము. ఆయన గడియారం సంగతి చెప్పారు, నేను జ్వరం సంగతి చెప్పాను. ఎవరి మీదా ఎవరికీ కోపం రాలేదు. ఏడ్చాము. తిరిగి వెళ్లాక ఒక అలవాటు చేసుకున్నాము. దీపం పెట్టిన తరువాత, అన్నం వడ్డించే ముందు, ముగ్గురి లెక్క చెప్పుకోవాలి: ఇంటిది, ఆయనది, నాది. కుండలో బియ్యం ఎన్ని రోజులకు ఉన్నాయి, చేతిలో డబ్బు ఎంత ఉంది, ఒంట్లో ఎలా ఉంది, మనసులో ఏముంది. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పాలి. విన్నవాళ్లు వెంటనే ధైర్యం చెప్పకూడదు, ముందు వినాలి. మీ తాతయ్యకు ఇది కష్టమయ్యేది, చివరిదాకా కష్టమే అయింది. ఆ కొండ మీద ఆరేళ్లు ఉన్నాము, ఒక్క సాయంత్రం మానలేదు. ఆసుపత్రిలో రోజంతా రోగులు చెప్పేది విని వచ్చి, నీ మాట నువ్వు మింగేస్తావని నాకు భయం, అమ్మలూ. నీకు ఆ అలవాటు చిన్నప్పటి నుంచి ఉంది.

మనవడా, నీకు ఒక మాట. నీ పని కంప్యూటర్ మీద, ఇంటి నుంచే కదా. అక్కడ సిగ్నలు ఒక గట్టు మీద ఉంటే ఇంకొక గట్టు మీద ఉండదు. పని ఆగిపోయిన రోజు, జీతం తగ్గిన నెల, అమ్మలుకు ఆ సాయంత్రమే చెప్పు. నీళ్లు పట్టడం, బట్టలు ఆరేయడం నీ వంతు చేసుకో. ఆ రోజుల్లో మీ తాతయ్య బిందె పట్టుకుని ఊటకు వెళితే ఆడవాళ్లు పమిట నోటికి అడ్డుపెట్టుకుని నవ్వేవారు. రెండు నెలలకు ఆ నవ్వు ఆగింది. ఆ తరువాత ఆయన బిందె ముందు నింపుకోవడానికి వాళ్లే పక్కకు జరిగేవారు.

అమ్మలూ, మలేరియా గురించి నీకు నేను చెప్పేదేముంది. కానీ దోమతెర కట్టుకోనిది ముందు డాక్టర్లే. మా రోజుల్లో డీడీటీ చల్లేవాళ్లు వచ్చి గోడలకు మందు కొట్టి వెళ్లేవారు. పండుగ రాగానే ఆడవాళ్లమంతా కలిసి శుభ్రంగా ఎర్రమట్టి, పేడ కలిపి అలికేసేవాళ్లం, నేను కూడా. మందంతా మట్టి కింద పడిపోయేది. అది ఎందుకు చల్లుతున్నారో, ఎన్ని నెలలు అలకకూడదో మాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు ఏ మందు ఇచ్చినా ఆ ముక్క కూడా చెప్పు. వాళ్ల మాటలోనే చెప్పు. నేర్చుకో, ఆరు నెలల్లో వస్తుంది.

ఆకలి నెలల్లో నీకు ఒక అంబలి పెడతారు. మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా గెడ్డ నీళ్లలో నానబెట్టి కాచిన అంబలి. మొదటి గుక్క గొంతు దిగదు. అయినా గిన్నె పక్కన పెట్టకు. పాత ధాన్యం అయిపోయి, సామలు, చోళ్లు ఇంకా కోతకు రాని రోజుల్లో ఆ ఊరిని బతికించింది అదే, మా ఇద్దరినీ కూడా. టెంకలకు బూజు పట్టిందేమో చూడడం మాత్రం డాక్టరుగా నీ పని. బూజు పట్టిన పిండి ప్రాణం తీస్తుంది.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఫిబ్రవరిలో చెట్టు నిండా పిందెలు చూసి నోరూరి, పచ్చడికని నాలుగు కోశాను. మామిడి కొత్త పండుగ కాకముందు అక్కడ ఎవరూ మామిడిని ముట్టరు. అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మూడు రోజులు మా ఇంటికి రాలేదు. ఆ మూడు రోజులూ నాకు జ్వరం కంటే కష్టంగా గడిచాయి. అందుకని ఏది కోయాలన్నా, ఎక్కడ నడవాలన్నా, ఏ చెట్టు కింద కూర్చోవాలన్నా ముందు అడగండి. సంతలో బేరం ఆడకండి. చింతపండు, పసుపు, పిప్పళ్లు నెత్తిన పెట్టుకుని పొద్దుపొడవక ముందు బయలుదేరి వచ్చిన మనిషి దగ్గర పది రూపాయలు తగ్గించుకుంటే మనకు కలిసొచ్చేది ఏమీ లేదు. అక్కడ స్థలం కొనమని ఎవరైనా అంటే వినకండి. 1970లో వచ్చిన 1/70 నిబంధన ప్రకారం ఆ భూమి గిరిజనేతరులకు చెల్లదు, చెల్లకూడదు కూడా.

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. రోడ్లు పడ్డాయి, అంబులెన్సు ఉంది. అయినా డోలీలో మనిషిని మోసుకొచ్చే ఫోటో పేపరులో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. నీ దగ్గరికి అలా ఎవరైనా వస్తే, మోసినవాళ్లకు ముందు వేడిగా ఏదైనా తాగడానికి ఇప్పించు. ఆ రాత్రి ఆ పిల్లలిద్దరికీ మేము ఏమీ ఇవ్వలేకపోయాము. తడి బట్టలతో, ఖాళీ కడుపులతో వెనక్కి నడిచి వెళ్లారు.

మీ పెట్టెలో అడుగున ఒక కొత్త ఉన్ని దుప్పటి పెట్టించాను. అది మీకు కాదు. అవ్వ దుప్పటి ఆ డోలీలోనే చిరిగిపోయింది. జీతం వచ్చాక మేము కొనిచ్చినదాన్ని ఆమె బాలింత కోడలికి కప్పి, తను ఆ చలికాలమంతా పొయ్యి పక్కనే పడుకుంది. గెడ్డ దాటాక కుడిచేతివైపు పెద్ద చింతచెట్టు, దాని వెనక రెండో ఇల్లు. చెట్టు ఉంటే ఇల్లు తెలుస్తుంది. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. కోడలు ఉంటే ఆమె చేతికి ఇవ్వండి. లేకపోతే ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్లకు. మాస్టారి భార్య పంపిందని చెప్పండి.

మీ
అమ్మమ్మ